బాన్‌పో గుంటల్ని చూడటం ఎలా?

చైనాలో షియాన్ వెళ్లే మనవాళ్లు దాదాపు అందరూ చిన్ చక్రవర్తి చేయించిన మట్టి సైనికుల కోసమే వెళ్తారు. చూడాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ సైనికుల దగ్గరికి పోయే దారిలోనే, మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరంలో బాన్‌పో అని ఇంకో మ్యూజియం ఉంది. ఇప్పటికి 6000 ఏళ్లకు పైబడిన ఊరు అది. ఆ ఊరిని తవ్విన చోటే, తవ్వింది తవ్వినట్టే ఉంచి, పైన కప్పు వేసి మ్యూజియం చేశారు. చూసొచ్చినవాళ్లని అడగండి, "ఏముందండీ, అన్నీ గుంటలే" అంటారు. ఇరవై నిమిషాల్లో చుట్టేసి, టికెట్ డబ్బులు దండగ అనుకుంటూ బయటికొచ్చేస్తారు.

గుంటలే, కాదనను. ఏ గుంట ఏమిటో తెలిస్తే మాత్రం రెండు గంటలు కూడా చాలవు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. రాయి అమ్ముకోవడానికి షియామెన్ వెళ్లినప్పుడు వీలు చూసుకుని షియాన్ కూడా వెళ్తుంటాను. మాది కుమ్మరి కుటుంబం. అల్యూమినియం గిన్నెలొచ్చి మా నాన్న సారె (కుండలు చేసే చక్రం) మూలన పడేదాకా ఇంట్లో అందరి చేతులకీ బంకమట్టే. అందుకని ఈ గైడ్ కాస్త కుండల వైపు మొగ్గుతుంది, ముందే చెప్తున్నా.

వెళ్లడం

షియాన్ మెట్రో 1వ లైన్‌లో బాన్‌పో అనే స్టేషనే ఉంది. దిగి నడిస్తే పది నిమిషాలు. విదేశీయులు టికెట్‌కి పాస్‌పోర్ట్ చూపించాలి, జిరాక్స్‌తో సరిపెట్టుకుందాం అనుకోకండి. గూగుల్ మ్యాప్స్‌ని అక్కడ నమ్ముకోవద్దు. మ్యూజియం పేరు చైనీస్ లిపిలో ఫోన్‌లో సేవ్ చేసుకుంటే టాక్సీ డ్రైవర్‌కి చూపించడానికైనా పనికొస్తుంది. అనువాదం యాప్‌లో చైనీస్ భాషని ఇండియాలో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్ కెమెరా పెట్టి బోర్డులు చదువుకోవచ్చు.

మట్టి సైనికుల్నీ దీన్నీ ఒకే రోజులో పెట్టుకోవచ్చు. కానీ బాన్‌పో ముందు. సైనికుల గుంపు చూసి, ఆ జనంలో నలిగి వచ్చాక, మట్టి నేలలో గుంటల్ని ఓపిగ్గా చూసే మనసు ఎవరికీ మిగలదు. పొద్దున్నే బాన్‌పో, మధ్యాహ్నం నుంచి సైనికులు. కాలం లెక్కన చూసినా ఇదే వరస. మనకీ మట్టి సైనికులకీ మధ్య సుమారు 2200 ఏళ్లు. ఆ సైనికులకీ బాన్‌పోకీ మధ్య ఉన్న దూరం దాదాపు దానికి రెట్టింపు. సైనికుల్ని చేయించిన చిన్ చక్రవర్తికే బాన్‌పో ఎవరికీ గుర్తులేనంత పాత ఊరు.

వెంట తీసుకెళ్లాల్సినవి రెండు. ఒకటి చిన్న బైనాక్యులర్. పిల్లలు ఆడుకునేదైనా ఫర్వాలేదు. హాల్లో మనం నడిచే దారి పైన ఉంటుంది, చూడాల్సినవి కింద, దూరంగా ఉంటాయి. రెండోది కాగితం, పెన్ను. లోపలికి వెళ్లకముందే ఈ బొమ్మ గీసుకోండి: ఒక పెద్ద గుండ్రం, అది ఊరి చుట్టూ ఉన్న కందకం. గుండ్రం మధ్యలో ఒక పెద్ద చదరం, అది ఊళ్లోకెల్లా పెద్ద ఇల్లు. దాని చుట్టూ చిన్న చిన్న గుండ్రాలు, చదరాలు, అవి మిగతా ఇళ్లు. గుండ్రానికి బయట, ఉత్తరాన శ్మశానం. తూర్పున కుమ్మరి ఆములు, అంటే కుండలు కాల్చే బట్టీలు. పడమర వైపు కాస్త కిందుగా చాన్ నది. మీరు హాల్లో ఎక్కడ నిలబడినా ఈ బొమ్మలో ఎక్కడున్నారో చూసుకోండి. ఈ బొమ్మ లేకుండా వెళ్తే ఎటు చూసినా గుంటలే.

ఇది ఎలా బయటపడింది

1953లో అక్కడ బాచియావ్ విద్యుత్ కేంద్రం కట్టడానికి నేల తవ్వుతుంటే కుండ పెంకులు పడ్డాయి. 1954 నుంచి 1957 దాకా షి షింగ్‌బాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త నాయకత్వంలో తవ్వారు. ఊరి మొత్తం విస్తీర్ణం సుమారు 50,000 చదరపు మీటర్లు. అందులో తవ్వింది 10,000 చదరపు మీటర్లు, అంటే ఐదో వంతు. 46 ఇళ్లు, 200కి పైగా పాతరలు (గింజలు దాచుకునే గుంటలు), 6 ఆములు, పెద్దవాళ్ల సమాధులు 174, పసిపిల్లల్ని పెట్టిన కుండలు 73 దొరికాయి. 1958లో మ్యూజియం తెరిచారు. చరిత్రకు ముందరి కాలం నాటి ఊరిని తవ్విన చోటే మ్యూజియంగా మార్చడం చైనాలో అదే మొదటిసారి.

ఆ సంవత్సరాలు చూసినప్పుడల్లా నాకు నాగార్జునకొండ గుర్తొస్తుంది. అక్కడ కూడా పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలైంది 1954లోనే. బాన్‌పోలో విద్యుత్ కేంద్రం కోసం, నాగార్జునకొండలో ఆనకట్ట కోసం. నాగార్జునకొండ లోయ నీళ్ల కిందికి పోయింది. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు, దొరికిన వస్తువులకి అక్కడే మ్యూజియం కట్టారు. దాన్ని లాంచీలో వెళ్లి చూసినవాళ్లకి బాన్‌పోలో తేడా వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ ఏదీ కదల్లేదు. పొయ్యి ఎక్కడ వెలిగిందో అక్కడే ఉంది, గుంజ ఎక్కడ పాతారో ఆ చిల్లు అక్కడే ఉంది. అందుకే ఇక్కడ చూడాల్సింది ముందు నేల. వస్తువులు తర్వాత.

ముందు వెనక హాల్లోకి వెళ్లండి

గేటు దాటి వెళ్తే మొదట వస్తువుల గదులు వస్తాయి. జనమంతా వరసగా వాటిలోకే వెళ్తారు. మీరు వెళ్లొద్దు. నేరుగా వెనక ఉన్న పెద్ద హాలుకి నడవండి. అందులో తెరిచి ఉంచిన తవ్వకం సుమారు 3000 చదరపు మీటర్లు. పొద్దున్నే అయితే జనం ముందు గదుల్లో ఉంటారు కాబట్టి హాలు ఖాళీగా దొరుకుతుంది.

లోపలికి వెళ్లగానే ఫోటోలు మొదలుపెట్టకండి. కళ్లు ఆ వెలుతురుకి అలవాటు పడనివ్వండి. అక్కడి మట్టి లేత పసుపు, గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి ధూళి మట్టి. వాయవ్య చైనాలో చాలా చోట్ల ఇదే. తవ్వడానికి తేలిక, నిట్టనిలువుగా తవ్వినా గోడ కూలదు. ఈ ఊళ్లో ఇన్ని గుంటలు ఎందుకున్నాయో ఈ మట్టే చెప్తుంది. మా ఒంగోలు వైపు నల్లరేగడిలో అలా తవ్వితే ఒక్క వానకి పూడిపోతుంది.

ఇక గుంటల్ని విడదీయడం. ముందు సైజు చూడండి. పిడికిలి పట్టేంత, జానెడంత చిల్లులు వరసగానో గుండ్రంగానో కనిపిస్తే అవి గుంజలు పాతిన చోట్లు. కొయ్య ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయింది, దాని ఖాళీ మిగిలింది. ఆ చిల్లుల్ని కళ్లతో కలుపుకుంటూ పోతే గోడ లేస్తుంది. గుండ్రంగా కలిస్తే గుండ్రటి ఇల్లు, చదరంగా కలిస్తే చదరపు ఇల్లు. మధ్యలో లావుపాటి చిల్లులుంటే అవి కప్పుని మోసిన పెద్ద గుంజలు. కొన్ని ఇళ్లు నేలలోకి దిగి ఉంటాయి, అంటే గొయ్యి తవ్వి దాని గట్టునే గోడగా వాడుకున్నారు. కొన్ని నేల మీదే లేచాయి. మొత్తం మీద గొయ్యిలోకి దిగినవి పాతవి, నేల మీద కట్టినవి తర్వాతివి.

తర్వాత రంగు చూడండి. ఇంటి మధ్యలో ఎర్రగా, గట్టిగా కనిపించే చిన్న పల్లం పొయ్యి. పసుపు మట్టి మీద పదే పదే మంట పడితే ఎర్రబడుతుంది. మా ఆము అడుగు నేల కూడా అదే ఎరుపు. పొయ్యిని పట్టుకుంటే ఇంటి వాకిలి ఎటో తేలిగ్గా దొరుకుతుంది, పొయ్యి వాకిలికి ఎదురుగా ఉంటుంది. వాకిళ్లు ఎక్కువగా దక్షిణానికి. షియాన్ చలికాలం సున్నాకి దిగుతుంది, ఎండ లోపలికి రావాలిగా.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ గుంట ఏ గుంటని కోసిందో చూడటం. ఒక ఇంటి గోడ గుండ్రంగా వస్తూ వస్తూ ఒకచోట తెగిపోయి, అక్కడ ఇంకో గుంట కనిపిస్తుంది. ఆ కోసిన గుంట తర్వాతిది, తెగిన ఇల్లు అంతకుముందుది. ఇల్లు పాడుబడ్డాక ఆ సంగతి మర్చిపోయినవాళ్లో, పట్టించుకోనివాళ్లో అక్కడే పాతర తవ్వుకున్నారన్నమాట. బైనాక్యులర్‌తో అంచులు వెతకండి. అలాంటి కోత ఒక్కటి సొంతంగా పట్టుకున్నారంటే ఆ హాలు మీకు వశమైనట్టే. పిల్లలు వెంట ఉంటే వాళ్లకి ఈ పని అప్పజెప్పండి, మనకంటే ముందు వాళ్లే పట్టేస్తారు. ఈ ఊరు ఒక్క తరంలో కట్టింది కాదు, ఇల్లు మీద ఇల్లు లేచిన ఊరు అని బోర్డు చెప్తే తలూపి వెళ్లిపోతాం. కోత కళ్లారా చూస్తే అలా కాదు.

పాతర అన్నాను కదా. మ్యూజియం బోర్డుల మీద నిల్వ గుంటలు అని రాసి ఉంటుంది. వాటి మూతి ఇరుకు, లోపల పొట్ట వెడల్పు. రాయలసీమలో, పల్నాడులో జొన్నలు దాచిన పాతరలు చూసినవాళ్లకి ఎవరూ వివరించక్కర్లేదు. మూతి చిన్నదైతే మూయడం తేలిక, వాన నీరూ ఎలుకా దిగడం కష్టం. ఒక పాతరలో గింజల పొట్టు గుట్టగా దొరికింది. ఏ గింజలంటే కొర్రలు. అవును, మన కొర్రలే. షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పాక ఇప్పుడు మనం మళ్లీ వెతుక్కుంటున్న కొర్రల్ని మొదట పంటగా మచ్చిక చేసింది ఉత్తర చైనా రైతులు. బాన్‌పో వాళ్ల రోజువారీ తిండి అదే. ఒక చిన్న కుండలో మాడిపోయిన ఆవాలో, క్యాబేజీ జాతి విత్తనాలో కూడా దొరికాయి, విత్తనానికి దాచిపెట్టుకున్నవి.

కందకం దగ్గర ఆగండి. పైన 6 నుంచి 8 మీటర్ల వెడల్పు, 5 నుంచి 6 మీటర్ల లోతు. రాతి పారలతో, కర్రలతో, ఎముక పనిముట్లతో తవ్వారు. రాయి కోసే వ్యాపారంలో ఉన్నవాణ్ని కాబట్టి ఇలాంటివి చూస్తే మనసులో కూలి లెక్కలు మొదలవుతాయి. ఇనుము లేదు, కంచు లేదు, బండి లేదు, తీసిన మట్టిని బుట్టలతోనే మోయాలి. పంట, వేట, చేపలు అన్నీ చూసుకుంటూ ఊరంతా ఈ పనికి దిగాలంటే ఎవరో ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. అడవి జంతువుల భయానికి తవ్వారని కొందరు, పొరుగు ఊళ్ల భయానికని కొందరు అంటారు. జంతువులకి ఆరు మీటర్ల లోతు అక్కర్లేదని నా అభిప్రాయం.

కుండల్లో పిల్లలు

హాల్లోనే, ఇళ్ల పక్కన, నేలలో సగం కూరుకుపోయి కొన్ని కుండలు కనిపిస్తాయి. మీద మూకుడో బేసినో బోర్లించి ఉంటుంది. అవి పసిపిల్లల సమాధులు. పెద్దవాళ్లని కందకం అవతల శ్మశానంలో, ఎక్కువమందిని తల పడమటికి పెట్టి పాతారు. పిల్లల్ని మాత్రం కుండలో పెట్టి ఇంటి దగ్గరే ఉంచుకున్నారు. దక్షిణ భారతంలో కొత్తరాతి యుగం స్థలాల్లో కూడా ఇలా పసివాళ్లని కుండల్లో పెట్టి ఇళ్ల దగ్గరే పాతిన ఆనవాళ్లున్నాయి. అటూ ఇటూ సంబంధం ఉండబట్టి కాకపోవచ్చు. పసిబిడ్డని ఊరి బయట వదిలి రాలేకపోవడం ఎక్కడైనా ఒకటే.

ఆ మూతల మధ్యలో చాలావాటికి చిన్న చిల్లు ఉంటుంది. బైనాక్యులర్‌తో చూడండి, కనబడుతుంది. ప్రాణం వచ్చి పోవడానికి ఉంచిన దారి అని పండితుల ఊహ. శవం ముందు కుండకి చిల్లు పొడిచి, నీళ్లు కారుతుంటే చితి చుట్టూ తిరిగే మనకి ఆ చిల్లు దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది. ఇక్కడ ఫ్లాష్ వేసి సెల్ఫీలు తీసుకునేవాళ్లు ఉంటారు. మీరు తీయకండి.

పిల్లల విషయంలో ఇంకో సంగతి. ఒక మూడు నాలుగేళ్ల పాపని మాత్రం కుండలో కాకుండా చెక్క పలకల పెట్టెలో పెట్టి పాతారు. ఆమెతో పాటు 79 వస్తువులు పెట్టారు, అందులో ఎక్కువ పూసలే. గిన్నెల్లో గింజలు కూడా పోశారు. పెద్దవాళ్ల సమాధుల్లో మామూలుగా ఐదారు కుండలుంటే గొప్ప. ఆ పాప ఎవరి బిడ్డో గానీ, అందరూ సమానమే అన్న మాట ఆ ఊళ్లో కూడా పూర్తిగా నిజం కాదన్నమాట.

ఆములు, ఆ తర్వాత వస్తువుల గదులు

కుండలు కాల్చిన ఆములు కందకం అవతల తూర్పున ఉండేవి. మంట, పొగ ఊరికి దూరంగా ఉండాలి కదా, గడ్డి కప్పుల ఊరు. ఆము గది చూస్తే నవ్వొస్తుంది, వ్యాసం మీటరు దరిదాపుల్లోనే. పెద్ద కుండలైతే ఒకటో రెండో పడతాయి. మా నాన్న ఒక్క ఆములో వందల ముంతలు, మూకుళ్లు పేర్చేవారు. కానీ ఈ చిన్న గదిలో వేడి బాగా నిలుస్తుంది. మంట ఒకచోట, కుండలు ఒకచోట, మధ్యలో వేడి పోయే దారులు. బయట కుప్ప పోసి పిడకలు పెట్టి కాల్చే పద్ధతి కంటే ఇది చాలా ముందడుగు. అక్కడ కాలిన కుండలు 800 నుంచి 1000 డిగ్రీల వేడి చూశాయని తేల్చారు.

ఇప్పుడు ముందు గదుల్లోకి రండి. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అంటారు కదా, ఇక్కడ 6000 ఏళ్లుగా గుదియ (దుడ్డుకర్ర) తగలని కుండలు కొన్ని ఉన్నాయి. చూడటానికి ఒక వరస చెప్తాను.

మొదట లోపలివైపు చూడండి. గాజులోంచి మూతి లోపలికి ఎంత కనిపిస్తే అంత. సారె మీద తిప్పిన కుండకి లోపల వేళ్ల గీతలు సన్నగా, గుండ్రంగా అడుగు నుంచి మూతి దాకా పోతాయి. బాన్‌పో కుండల్లో అవి ఉండవు. పొట్ట దగ్గర కాస్త ఎగుడుదిగుడు, చేత్తో నొక్కిన జాడలు. మట్టిని తాడులా పేని, చుట్టలు చుట్టుకుంటూ లేపి, అతుకులు సాపు చేశారు. కొన్నిటికి మాత్రం మూతి దగ్గర సన్నటి సమాన గీతలు కనిపిస్తాయి. మెల్లగా తిరిగే పీటలాంటిది పెట్టి మూతిని సరిచేశారన్నమాట. సారెకి అది ముత్తాత.

తర్వాత అడుగు. కొన్ని కుండల్ని బోర్లించి పెట్టారు. అడుగున చాప అల్లిక ముద్ర కనిపిస్తుంది. పచ్చికుండని చాప మీద పెట్టి చేశారు, చాప ముద్ర మట్టికి అంటుకుంది, అది కాలింది. చాప మిగల్లేదు, దాని అల్లిక మిగిలింది. అల్లిక రకాలు కూడా లెక్కపెట్టొచ్చు.

ఆ తర్వాత గోటి ముద్రల కుండ వెతకండి. అలంకారం కోసం పచ్చికుండ మీద వేలి గోటితో వరసలు వరసలుగా నొక్కారు. చిన్న చిన్న నెలవంకల్లా ఉంటాయి. దగ్గరికి వంగి ఒక వరస మొత్తం చూడండి. మొదట్లో లోతుగా, దగ్గర దగ్గరగా పడ్డాయి. పోను పోను ఎడం పెరిగి, లోతు తగ్గింది. ఎవరికైనా చెయ్యి నొప్పి పుడుతుంది. మన చూపుడు వేలి గోరు ఊహించుకుని పోల్చితే ఆ ముద్రలు కాస్త చిన్నవే అనిపిస్తాయి. ఆడవాళ్ల చేతులో, పిల్లల చేతులో అయ్యుంటాయి. మా ఇంట్లో కూడా సారె నాన్నది, నునుపు చేసే పని అమ్మది.

అందరూ ఫోటో తీసుకునేది మొన అడుగున్న పొడుగు జాడీని. రెండు పక్కలా తాడు కట్టుకునే చెవులుంటాయి. నేల మీద నిలబడని కుండ ఏమిటని మన గ్రూపుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మన కడవ నిలబడుతుందా? దాని కింద కుదురు పెట్టలేదూ? మెత్తటి మట్టిలో గుచ్చితే ఇది కూడా అంతే. నదిలో వదిలితే దానంతటదే వంగి నీళ్లు నిండి, నిటారుగా లేస్తుందని చాలాకాలం చెప్పారు, గైడ్లు ఇప్పటికీ అదే చెప్తారు. కానీ చేసి చూసినవాళ్లకి చాలా జాడీలు అలా చెయ్యలేదు. షియాన్ దగ్గరే మిజియాయా అనే చోట దొరికిన ఇలాంటి జాడీల లోపల అంటుకున్న పదార్థాన్ని పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. వరిగలు, బార్లీ, దుంపలు కలిపి కాచిన బీరు. అవి బాన్‌పో కంటే వెయ్యేళ్లు తర్వాతివి, అయినా ఆ మొన అడుక్కి మడ్డి దిగడానికి వీలుంటుందన్న మాట నాకు నదిలో వంగే కథ కంటే నమ్మకంగా ఉంది. కల్లు కుండ అడుగు చూసినవాళ్లని అడగండి.

మనిషి ముఖం, రెండు చెంపల దగ్గరా చేపలు ఉన్న ఎర్రటి బేసిన్ బొమ్మని మ్యూజియం అంతటా చూస్తారు. గేటు దగ్గర నుంచి సావనీర్ల దాకా అదే. 1955లో ఇక్కడ దొరికిన, పేరున్న ఆ అసలు బేసిన్ బీజింగ్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాన్ని చూడటానికే షియాన్ వచ్చి నిరాశపడొద్దు. కానీ ఒక సంగతి మర్చిపోకండి. అది అన్నం తినే బేసిన్‌గా దొరకలేదు, పిల్లల సమాధి కుండ మీద మూతగా దొరికింది. ఇందాక హాల్లో చూసిన బోర్లించిన మూతలు గుర్తు తెచ్చుకుని ఆ ముఖాన్ని చూడండి. కళ్లు మూసుకుని ఉన్నట్టుంటుంది. అందుకే హాలు ముందు, గదులు తర్వాత అన్నాను.

గిన్నెల అంచున నల్లటి పట్టీ మీద గీసిన గీతలు కూడా చూడండి. నిలువు గీత, రెండు గీతలు, గాలం ఆకారం, చెట్టు కొమ్మ ఆకారం. ఇరవై రెండు రకాలున్నాయి. గువో మోరువో అనే పెద్ద పండితుడు 1972లో ఇవే చైనా లిపికి పుట్టుక అన్నారు. ఆ మ్యూజియం పేరు బోర్డు మీది రాత కూడా ఆయనదే. కాదు, కుమ్మరులు పెట్టుకున్న గుర్తులని ఇంకొందరన్నారు. నేను రెండో పక్షం. నాలుగిళ్లవాళ్లం ఉమ్మడిగా ఒకే ఆములో కాల్చేటప్పుడు మా నాన్న పచ్చికుండ మెడ కింద గోటితో రెండు చిన్న గీతలు పెట్టేవారు, పక్కింటివాళ్లది ఒక అడ్డగీత. కాలాక కుండలు పంచుకునేటప్పుడు తగువు రాకుండా. ఇక్కడ గీతలన్నీ ఒకే చోట, అంచు పట్టీ మీదే, ఒక్కో గిన్నెకి ఒక్కటే ఉండటం చూస్తే నాకు అదే తోస్తుంది. లిపి అయితే రెండో అక్షరం ఉండాలి కదా.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. ఎముక సూదులు, చేప గాలాలు, వలకి కట్టే రాళ్లు, నూలు వడికే కదురు బిళ్లలు. అడుగున చిల్లులున్న కుండ ఒకటుంటుంది, ఆవిరి మీద వండుకోవడానికి. వెంట వచ్చిన ఆడవాళ్లు "ఇడ్లీ పాత్ర" అని ఆనందపడతారు, వాళ్లని పడనివ్వండి.

ఏది ఎంతవరకు నమ్మాలి

బాన్‌పో పాత పుస్తకాల్లో, గైడ్ల మాటల్లో ఇది ఆడవాళ్లు ఏలిన ఊరు అని గట్టిగా వినిపిస్తుంది. 1963లో వచ్చిన తవ్వకాల నివేదిక అలా చెప్పింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త మోర్గాన్, మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ చెప్పిన మెట్ల ప్రకారం సమాజాలు మొదట తల్లి పెత్తనంలో ఉండి, తర్వాత తండ్రి పెత్తనంలోకి వెళ్తాయని ఆ రోజుల్లో చైనాలో ఖాయంగా అనుకునేవారు. ఊరు దొరకగానే ఆ మెట్టు మీద కూర్చోబెట్టారు. ఆధారంగా చూపించేది ఆడవాళ్లని ఆడవాళ్లతో, మగవాళ్లని మగవాళ్లతో కలిపి పాతిన సమాధులు, ఆ పాప సమాధి. వాటి నుంచి పెత్తనం ఎవరిదో తేల్చలేమని తర్వాతి పండితులు చాలామంది అన్నారు. గైడ్ చెప్తుంటే వినండి, కాదని వాదన పెట్టుకోవద్దు. కాకపోతే దాన్ని గుంజ చిల్లులంత గట్టి సంగతిగా ఇంటికి మోసుకురావద్దు.

మ్యూజియం పక్కన 1990ల్లో ఒక నమూనా గ్రామం కూడా కట్టారు. గడ్డి ఇళ్లు, బొమ్మలు. పురావస్తు పండితులే దాన్ని విమర్శించారు. ఇంటి కప్పు ఎలా ఉండేదో పిల్లలకి చూపించడానికి ఇలాంటివి పనికొస్తాయేమో, అంతకుమించి టైం పెట్టకండి. ఆ టైం హాల్లో మళ్లీ ఒక చుట్టుకి వాడండి. వస్తువులు చూశాక రెండో చుట్టులో నేల వేరేగా కనిపిస్తుంది. పొయ్యి దగ్గర చిల్లుల కుండనీ, పాతర పక్కన రాతి పారనీ మీరే పెట్టుకుంటారు.

రెండో చుట్టులో నేల మీద పగుళ్లు, అక్కడక్కడ తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తాయి. కప్పు వేశాక వాన పడదు, కానీ నేల లోపలి తడి పైకి వస్తూ ఉప్పుని తెచ్చి పైన వదిలేస్తుంది, మట్టి పొడి పొడిగా రాలుతుంది. తవ్వింది తవ్వినట్టే ఉంచడానికి అయ్యే ఖర్చు అది. పాత హాలుని 2000ల్లో తీసేసి కొత్తది కట్టి, 2006లో మళ్లీ తెరిచారు. కాబట్టి రెయిలింగ్ మీద నుంచి వంగి నేల తాకాలని చూడకండి, సిబ్బంది గట్టిగానే అరుస్తారు.

బయటికొచ్చాక మట్టి సైనికుల వైపు వెళ్లాలంటే మళ్లీ బాన్‌పో స్టేషన్‌కే వచ్చి 1వ లైన్‌లో తూర్పుగా ఒక్క స్టేషన్ వెళ్లండి. ఫాంగ్‌జిచెంగ్‌లో దిగి 9వ లైన్ ఎక్కితే హువాచింగ్‌చి, అక్కడి నుంచి సైనికుల మ్యూజియానికి సిటీ బస్సు. స్టేషన్ బయట "టెర్రకోటా, టెర్రకోటా" అంటూ చుట్టుముట్టే ప్రైవేటు వ్యాన్లు ఎక్కకండి, దారిలో జేడ్ షాపుల దగ్గర ఆపుతారు. భోజనం బాన్‌పో దగ్గరే కానిచ్చేయండి, సైనికుల దగ్గర రేటు ఎక్కువ, రుచి తక్కువ. శాకాహారులైతే మిర్చి నూనె వేసిన లియాంగ్‌పీ (చల్లటి నూడుల్స్) అడగండి, మాంసం వద్దని ముందే ఫోన్‌లో రాసి చూపించండి.